కాగ్నిటివ్ సైకాలజీ పేపర్: పేర్లు, సంవత్సరాలు తప్ప తలకి ఏమీ ఎక్కట్లేదు

ఆమదాలవలస_ప్యాసింజర్
బీఏలో సైకాలజీ తీసుకున్నాను, ఈ సెమిస్టర్‌లో కాగ్నిటివ్ సైకాలజీ పేపర్ ఉంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. క్లాసులో నోట్సు ఇలా చెప్తారు: మిల్లర్ 1956, బ్రాడ్‌బెంట్ 1958, స్పెర్లింగ్ 1960, అట్కిన్సన్, షిఫ్రిన్ 1968. పేరు, సంవత్సరం, రెండు లైన్లు, వెంటనే ఇంకో పేరు. అసలు ఎందుకు చేశారు, ఏం తేలింది అని అడిగితే "పరీక్షకి ఇది చాలమ్మా, బట్టీ పట్టెయ్" అంటారు. నాలుగుసార్లు చదివాను. చదువుతున్నంతసేపూ అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది, రైల్లో కూర్చుని నోట్సు మూసి చెప్పుకుంటే ఫిల్టర్ అన్నది బ్రాడ్‌బెంటో మిల్లరో గుర్తురాదు. మనిషికి ఆలోచన ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని ఇష్టపడి తీసుకున్న సబ్జెక్టు ఇది, ఇలా అయిపోతుంటే బాధగా ఉంది. చదివినవాళ్లెవరైనా ఉంటే మీరెలా చదివారో చెప్పండి.

గంటస్తంభం_సెంటర్
మాకూ అంతే చెప్పేవారు. బట్టీ కొట్టి పాసైపో, డిగ్రీ అయ్యాక ఎలాగూ గ్రూప్స్‌కి చదవాలి కదా.

నాగావళి_గట్టు
గంటస్తంభం గారూ, ఇష్టపడి చదివే పిల్లకి ఆ సలహా ఇవ్వకండి. నేను ఇందులోనే ఎమ్మే చేశాను, మొదటి ఏడాది నాకూ ఇలాగే గడిచింది. తర్వాత ఒక్క పని మొదలుపెట్టాను: నోట్సులో ఏ ప్రయోగం వచ్చినా ఇంట్లో ఎవరో ఒకరి మీద చేసి చూడటం. చాలావాటికి మెషిన్లేమీ అక్కర్లేదు, కాగితం, స్కెచ్ పెన్నులు, ఓపికున్న ఒక మనిషి ఉంటే సరిపోతుంది.

స్ట్రూప్ 1935 అని నీ నోట్సులో ఉంటుంది చూడు. మా ఇంటి అరుగు మీద చేశాను. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు అని రంగుల పేర్లు రాశాను గానీ "నీలం" అన్న మాటని ఎర్ర పెన్నుతో, "ఎరుపు" అన్న మాటని నల్ల పెన్నుతో, అలా ఇరవై మాటలు. మాట చదవకూడదు, సిరా రంగు చెప్పాలి. ఐదో తరగతి చదివే మా అక్క కొడుకు మూడో మాట దగ్గరే "నీ... కాదు కాదు, ఎరుపు" అని నాలుక కరుచుకున్నాడు, సగం అయ్యేసరికి కోపమొచ్చి కాగితం తోసేశాడు. పక్కన కూర్చున్న మా మామ్మ చదువుకోలేదు. కాగితం తన వైపు తిప్పుకుని, ఒక్కో మాట మీద వేలు పెట్టుకుంటూ గడగడా రంగులు చెప్పేసింది, ఒక్క తప్పు లేదు. "దీనికేటిరా అంత అవస్థ" అంది వాడితో. వాడికి చదవడం వచ్చు, అందుకే చదవకుండా ఉండలేకపోయాడు. బాగా అలవాటైన పని మనం వద్దనుకున్నా దానంతట అది జరిగిపోయి, చెయ్యాల్సిన పనికి అడ్డం పడుతుంది. ఆటోమేటిక్ ప్రాసెసింగ్ అంటే ఇదే. ఆ సాయంత్రం తర్వాత నేను స్ట్రూప్ కోసం మళ్లీ నోట్సు తియ్యలేదు.

రాజాం_రోడ్డు
మామ్మగారికి దండాలు. అందరి చేతా పలక పట్టించే మన ఊళ్లలో, చదువు రానివాళ్లు గెలిచే పరీక్ష ఇదొక్కటే అనుకుంటా.

చీపురుపల్లి_లోకల్
ఏమీ అనుకోకండి గానీ నాకు ఈ సబ్జెక్టు మీద మొదటి నుంచీ ఒక అనుమానం. ఎక్కువసార్లు చదివితే గుర్తుంటుంది, గోలలో మాట వినపడదు, వయసైతే మర్చిపోతాం. ఇవి తెలియనివాడెవడు? దీనికి ప్రయోగాలు, డిగ్రీ ఎందుకు?

కోట_గుమ్మం
చీపురుపల్లి గారూ, మీరు చెప్పిన మొదటి ముక్కే తీసుకుందాం, ఎందుకంటే ప్యాసింజర్ అమ్మాయి ఇబ్బంది అంతా అక్కడే ఉంది. రోడిగర్, కార్పికి అని ఇద్దరు 2006లో ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులకి ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు. కొందరు మళ్లీ చదవకుండా, వ్యాసం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లకి 42 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకి 56 శాతం. అంటే ఎక్కువసార్లు చదివితే గుర్తుంటుందని మనందరికీ తెలిసిన మాట ఐదు నిమిషాల వరకే నిజమైంది. చదివే కొద్దీ ఆ పేజీ కంటికి అలవాటైపోతుంది, ఆ అలవాటునే మనం "వచ్చేసింది" అనుకుంటాం.

అమ్మా, నువ్వు రైల్లో నోట్సు మూసి చెప్పుకున్నావే, గుర్తురాలేదని బాధపడ్డావే, చదువు జరిగేది సరిగ్గా అక్కడే. అది మానకు. ముందు మూసి చెప్పుకో, ఆగిపోయిన చోట మాత్రమే తెరిచి చూడు, మళ్లీ మూసెయ్.

చీపురుపల్లి_లోకల్
సరే, ఇది నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను.

మూడు_లాంతర్లు
సంవత్సరాలు గుర్తుండటానికి నా చిట్కా ఒకటి. వుంట్ లైప్‌జిగ్‌లో మొదటి సైకాలజీ ప్రయోగశాల పెట్టింది 1879. మన విజయనగరంలో మహారాజా వారి స్కూలు కాలేజీ అయింది కూడా 1879లోనే. ఆ కాలేజీ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు వుంట్ గుర్తొస్తాడు. ఉత్త అంకె ఎన్నాళ్లో నిలబడదు, ముందే తెలిసిన దానికి ముడేస్తే నిలబడుతుంది.

నాగావళి_గట్టు
మూడు లాంతర్ల మాటకి ఇంకో ముక్క కలుపుతా, మిల్లర్ కూడా దీంతో అయిపోతాడు. కింద ఉన్న అంకెలు ఒక్కసారి చదివి, కళ్లు మూసుకుని చెప్పండి.
1950197920142018
పదహారు అంకెలు. బయటివాళ్లకైతే ఏడెనిమిది దగ్గర బండి ఆగిపోతుంది. మనవాళ్లు విడగొట్టి చూస్తే 1950 శ్రీకాకుళం జిల్లా ఏర్పడిన ఏడాది, 1979 విజయనగరం జిల్లా, 2014 హుద్‌హుద్ తుఫాను, 2018 తిత్లీ తుఫాను. నాలుగే నాలుగు ముక్కలు, ఇక మర్చిపోమన్నా మర్చిపోలేరు. మిల్లర్ 1956లో చెప్పింది ఇదే. ఒకేసారి మనసులో పట్టేవి ఏడు, రెండు అటూ ఇటూ, కానీ ఆ ఏడు అంకెలే కానక్కర్లేదు, చంక్‌లు, అంటే ఇలా కట్టుకున్న ముక్కలు. చంక్ ఎంత పెద్దదన్నది నీకు ముందే ఎంత తెలుసన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు "డబుల్ ఫోర్, త్రిబుల్ నైన్" అంటాం చూడు, అదీ ఇదే పని.

రాజాం_రోడ్డు
ఏడు అన్నది పాత లెక్క. కోవన్ 2001లో మొత్తం తిరగేసి, లోపల వల్లె వేసుకునే అవకాశం, ముక్కలు కట్టుకునే అవకాశం లేకుండా చేస్తే దాదాపు నాలుగే అన్నాడు. పరీక్షలో ఏడు రాసి ఊరుకుంటే సగం సమాధానమే.

నాగావళి_గట్టు
నిజమే, రెండూ రాయాలి. నా ఉదాహరణలోనూ నాలుగు ముక్కలే వచ్చాయి, రాసేటప్పుడు అది గమనించనే లేదు!

కళింగపట్నం_గాలి
మా నాన్న చేపల వ్యాపారం. ధర దగ్గర్నుంచి బరువు దాకా అన్నీ తెలుగులోనే మాట్లాడతారు, ఫోన్ నంబరు మాత్రం "నైన్ ఫోర్ నైన్" అనే చెప్తారు. ఇంగ్లీషు రాదు ఆయనకి. ఎందుకంటారు?

కోట_గుమ్మం
చాలా మంచి విషయం పట్టారు. చుట్టూ అందరూ అలాగే చెప్తారన్నది ఒక కారణం, కానీ ఇంకోటి కూడా ఉండొచ్చు. ఇంగ్లీషులో చాలా అంకెలు ఒక్క దెబ్బకి అయిపోతాయి: వన్, టూ, ఎయిట్, నైన్. మనవి ఒకటి, నాలుగు, ఎనిమిది, తొమ్మిది, ఒక్కోటీ పలకడానికి అంత సేపు పడుతుంది. బ్యాడ్లీ, హిచ్ 1974లో వర్కింగ్ మెమరీ (అప్పటికప్పుడు మనసులో పట్టుకుని వాడుకునే జ్ఞాపకం) అని ఒక నమూనా ఇచ్చారు, అందులో ఫొనలాజికల్ లూప్ అని ఒక భాగం, లోపల్లోపల వల్లె వేసుకునే చోటు. అందులో పట్టేది సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే అని తర్వాత చూపించారు. వేల్స్ దేశంలో రెండు భాషలూ వచ్చినవాళ్ల మీద 1980లో ఎలిస్, హెన్నెలీ చేసిన పని ఉంది. వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువ సేపు పడుతుంది, అందుకని వెల్ష్‌లో తక్కువ అంకెలు గుర్తున్నాయి. తెలివి తేడా కాదు, నోటికి పట్టే సమయం తేడా. తెలుగులో ఇది ఇంట్లోనే చూడొచ్చు: 7 2 9 4 8 1 6 3 ఒకసారి తెలుగులో చదివి వినిపించండి, ఇంకోసారి వేరే అంకెలు ఇంగ్లీషులో.

కళింగపట్నం_గాలి
మా తమ్ముడి మీద ఇప్పుడే చేశాను. తెలుగులో ఆరు, ఇంగ్లీషులో ఎనిమిది. ఒక్కడితో ఏమీ తేలదని తెలుసు, ఒళ్లు మాత్రం జలదరించింది.

పలాస_జీడితోట
2018 అని చూడగానే ఆగిపోయాను. మా ఊరు పలాసకి దగ్గరే. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటింది. మా ఇంట్లో ఆ రాత్రి గురించి ముగ్గురు మూడు రకాలుగా చెప్తారు. అమ్మ లాంతరు పట్టుకుని కూర్చున్నామంటుంది. నాన్న లాంతర్లో కిరసనాయిలే లేదు, ఫోన్ లైటే అంటారు. మా అన్నయ్యయితే పెరట్లో కొబ్బరి చెట్టు రేకుల మీద పడ్డ చప్పుడు ఎలా ఉందో చేతులూపుతూ వర్ణిస్తాడు. కానీ ఆ రాత్రి అన్నయ్య విశాఖ హాస్టల్లో ఉన్నాడు! నేను గుర్తుచేస్తే గొడవ పడతాడు, "నా చెవులతో విన్నాను" అని. అబద్ధమాడే మనిషి కాడు. తోటంతా పోయింది మాకు, నలభై ఏళ్ల చెట్లు. అంత పెద్ద విషయం కూడా మనసు మార్చేస్తుందా?

నాగావళి_గట్టు
మార్చేస్తుంది, అన్నయ్య అబద్ధం చెప్పట్లేదు కూడా. పెద్ద సంఘటన జరిగినప్పుడు ఎక్కడున్నాం, ఎవరు చెప్పారు అన్నది ఫొటో తీసినట్టు నిలిచిపోతుందని బ్రౌన్, కులిక్ 1977లో అన్నారు, ఫ్లాష్‌బల్బ్ మెమరీ అని పేరు పెట్టారు. 1986లో అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయినప్పుడు నైసర్, హార్ష్ ఆ మర్నాడే విద్యార్థుల చేత ఎలా తెలిసిందో రాయించి, రెండున్నరేళ్లకి మళ్లీ అడిగారు. చాలామంది చెప్పింది తాము రాసిన దానికి సరిపోలేదు. విశేషం ఏమిటంటే, తప్పు చెప్పినవాళ్లలోనూ ఎందరికో గట్టి నమ్మకం ఉంది. జ్ఞాపకం అంటే పెట్టెలో దాచిన చీర కాదు, తీసిన ప్రతిసారీ మళ్లీ నేస్తాం. మీ ఇంట్లో ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకుని ఉంటారో, ఆ చప్పుడు అందులోంచి అన్నయ్యకి వచ్చి ఉంటుంది. ఆయనతో వాదించకండి. తోట ఆయనదీ కదా.

పలాస_జీడితోట
ఈ చివరి మాట అన్నయ్యకి చూపించాను. ఏమీ అనలేదు. తర్వాత అమ్మ దగ్గర కూర్చుని ఆ రాత్రి గురించి మొదటిసారి అడిగి తెలుసుకున్నాడు.

గంటస్తంభం_సెంటర్
ఇందాక బట్టీ కొట్టమన్నది నేనే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పోలీసు సాక్ష్యాల సంగతి కూడా ఇదేనా?

కోట_గుమ్మం
అదే. లాఫ్టస్, పామర్ 1974లో కార్లు గుద్దుకునే వీడియో చూపించి, కొందరిని "తగిలినప్పుడు ఎంత వేగం" అని, కొందరిని "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు ఎంత వేగం" అని అడిగారు. రెండోవాళ్లు ఎక్కువ వేగం చెప్పారు. ఇంకో ప్రయోగంలో వారం తర్వాత అద్దాలు పగిలాయా అని అడిగితే, పగిలాయన్నవాళ్లు మామూలు మాట విన్నవాళ్లలో కంటే గట్టి మాట విన్నవాళ్లలో ఎక్కువ. వీడియోలో పగిలిన అద్దాలే లేవు. అడిగే మాటే జ్ఞాపకాన్ని తిప్పేస్తుంది.

ఆమదాలవలస_ప్యాసింజర్
ఇన్ని వస్తాయనుకోలేదు, మెల్లగా చదువుతున్నాను. బ్రాడ్‌బెంట్‌ది కూడా ఇలాగే ఎవరైనా చెప్పరూ?

రాజాం_రోడ్డు
శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో ఫోన్ మాట్లాడుతూ నిలబడ్డావనుకో. "టెక్కలి పలాస, టెక్కలి పలాస", "పాలకొండ పాలకొండ", "విజీనారం నాన్‌స్టాప్" అని చుట్టూ అరుపులు. నీకు ఫోన్లో మాట తప్ప ఏమీ పట్టదు. అవసరం లేనివి లోపలికి రాకుండా మొదట్లోనే ఒక ఫిల్టర్ ఆపేస్తుందని బ్రాడ్‌బెంట్ 1958లో అన్నాడు. అంతకుముందు 1953లో చెర్రీ ఒక చెవిలో ఒక మాట, ఇంకో చెవిలో ఇంకోటి వినిపించి, ఒక చెవిలోదే వెంటనే తిరిగి పలకమన్నాడు. రెండో చెవిలో మగ గొంతు ఆడ గొంతుగా మారితే పట్టుకున్నారు గానీ ఏం మాట్లాడారో చెప్పలేకపోయారు.

ఇప్పుడు అదే గోలలో ఎవరో నీ పేరు పెట్టి పిలిచారనుకో, టక్కున తల తిప్పుతావు. ఫిల్టర్ పూర్తిగా మూసేసి ఉంటే ఆ పేరు ఎలా దూరింది? మోరే 1959లో ఇది చేశాడు, మూడో వంతు మంది తమ పేరు పట్టుకున్నారు. అందుకే ట్రీస్‌మన్ వచ్చి అది తలుపు వేసెయ్యడం కాదు, వాల్యూమ్ తగ్గించడం అంది. పేరులాంటి ముఖ్యమైన మాటకి ఆ తగ్గిన వాల్యూమే చాలు. ఈ నలుగుర్నీ విడివిడిగా చదవకు, ఒకరికొకరు జవాబు చెప్పుకుంటున్నట్టు చదువు.

బొబ్బిలి_వీణ
బీఈడీలో మాకు ప్రత్యక్షం (పర్సెప్షన్) అన్న పాఠం చెప్తుంటే ఒకడు లేచి "దేవుడు ప్రత్యక్షమా సార్" అని అడిగాడు, క్లాసంతా నవ్వు. అదలా ఉంచితే, కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు అని మాకు నేర్పారు. ప్యాసింజర్ చెల్లి విని నేర్చుకునే రకమేమో, నోట్సు రికార్డు చేసుకుని వింటే సరిపోతుందేమో.

కోట_గుమ్మం
ఇది నేను ఒప్పుకోలేను వీణ గారూ. పాష్లర్, మరికొందరు 2008లో ఈ లెర్నింగ్ స్టైల్స్ మీద వచ్చిన పనంతా పరిశీలించారు, ఏ రకంవాళ్లకి ఆ రకంగా చెప్తే బాగా వస్తుందనడానికి తగిన ఆధారం దొరకలేదు. ఇష్టాలు ఉంటాయి, అది వేరు. పిల్లలకి "నువ్వు విని నేర్చుకునే రకం" అని ముద్ర వేస్తే వాళ్లు బొమ్మ గియ్యడం మానేస్తారు. పాతికేళ్లు పాఠం చెప్పినవాణ్ని, ఆ ముద్రలతో నష్టపోయిన పిల్లల్ని చూశాను.

మూడు_లాంతర్లు
తెలుగు పుస్తకాల్లో అటెన్షన్‌కి అవధానం అనే పేరు, అది నాకెంతో ఇష్టం. అష్టావధానం చూసినవాళ్లకి ఈ పాఠం సగం వచ్చినట్టే. సమస్య ఒకవైపు, దత్తపది ఒకవైపు, నిషిద్ధాక్షరి ఒకవైపు, మధ్యలో గంటలు లెక్కపెట్టాలి, అప్రస్తుత ప్రసంగానికి జవాబు చెప్పాలి, చివర్లో అన్ని పద్యాలూ ధారణ. మన ఆదిభట్ల నారాయణదాసు గారు అవధానాలు చేసిన మనిషే. వాళ్లకి ఏడు, నాలుగు అన్న హద్దులు వర్తిస్తాయంటారా? అది పుట్టుకతో వచ్చిన ధారణ.

నాగావళి_గట్టు
నారాయణదాసు గారంటే నాకూ ప్రాణం, కానీ "పుట్టుకతో" అన్న దగ్గర ఆగుతాను. ఎరిక్సన్, చేజ్, ఫాలూన్ 1980లో ఒక మామూలు విద్యార్థి గురించి రాశారు. మొదట ఏడు అంకెలే చెప్పేవాడు, ఏడాదిన్నర పైగా సాధన చేసి 79 అంకెల దాకా వెళ్లాడు. అతను రన్నర్. 3492 అని వింటే 3 నిమిషాల 49.2 సెకన్లు, మైలు పరుగు అనుకునేవాడు. ఆర్మీ ర్యాలీకి 1600 మీటర్లు ప్రాక్టీసు చేసే మన కుర్రాళ్లెవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. అంకెల బదులు అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గర ఆగిపోయాడు. అంటే సంచి పెద్దది కాలేదు, అందులో వేసే మూటలు పెద్దవయ్యాయి. అవధానికి ఛందస్సు ఆ మూట. కంద పద్యం నడక ఒంట్లో ఉంటే నాలుగు పాదాలు ఒక్క ముక్కే.

మూడు_లాంతర్లు
మూట మాట బాగుంది. ప్రతిభ లేదంటే మాత్రం ఒప్పుకోను.

పొందూరు_నూలు
రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మా అమ్మమ్మకి మతిమరుపు జబ్బు. పొద్దున నేను ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టిన పది నిమిషాలకి "టీ ఇవ్వలేదేటే" అంటుంది. నన్ను ఒక్కోసారి మా అమ్మ అనుకుంటుంది. కానీ పత్తి ముందు పెడితే వాలుగ చేప దవడ ఎముక చేతికి తీసుకుని ఏకుతుంది, విత్తు మీద దూది పోగులన్నీ ఒకే వైపు దువ్వినట్టు వస్తాయి, రాట్నం ముందు కూర్చుంటే దారం తెగదు. ఎప్పుడు నేర్చుకున్నావని అడిగితే చెప్పలేదు. ఆ చేతులు చూస్తే నాకు ఏడుపొస్తుంది. దీని గురించి మీ పుస్తకాల్లో ఉంటుందా?

కోట_గుమ్మం
ఉంటుందమ్మా. హెన్రీ మొలైసన్ అనే ఆయనకి మూర్ఛ తగ్గించడానికి 1953లో మెదడు ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. రోజు రోజుకీ చెయ్యి తిరిగింది, కానీ ప్రతిరోజూ ఇదే మొదటిసారి అనేవాడు. ఏం జరిగిందో చెప్పగలిగే జ్ఞాపకం వేరు, చేతికి వచ్చిన పని జ్ఞాపకం వేరు, మెదడులో వాటి దారులూ వేరు. అమ్మమ్మగారి జబ్బూ ఆయనదీ ఒకటి కాదు, కానీ చేతి పని ఎక్కువకాలం నిలబడటం చాలామందిలో చూస్తాం. ఆవిడ ముందు పత్తి పెడుతూనే ఉండండి.

పొందూరు_నూలు
పెడతాను గురువుగారూ.

ఆమదాలవలస_ప్యాసింజర్
మూడు రోజులైంది. రైల్లో నోట్సు తెరవకుండా తెల్లకాగితం మీద రాసుకుంటూ వచ్చాను. కాంప్లెక్స్ అనుకోగానే చెర్రీ, బ్రాడ్‌బెంట్, మోరే, ట్రీస్‌మన్ వరసగా వచ్చేశారు. మామ్మగారి వేలు గుర్తొచ్చి స్ట్రూప్ వచ్చాడు. అట్కిన్సన్, షిఫ్రిన్ దగ్గర ఆగిపోయాను. అది ఎవరి మీద ఎలా చెయ్యాలి?

నాగావళి_గట్టు
సంత సరుకులు పదిహేను చదివి వినిపించు, ఏ వరసలో గుర్తొస్తే ఆ వరసలో చెప్పమను. మొదటివి, చివరివి వస్తాయి, మధ్యవి పోతాయి. తర్వాత ఇంకో పదిహేను చదివి, చెప్పించే ముందు ముప్పై సెకన్లు వెనక నుంచి అంకెలు లెక్కపెట్టించు. గ్లాంజర్, క్యూనిట్జ్ 1966లో ఇలాగే చేశారు. ఏం పోతుందో, ఏం మిగులుతుందో చూసి అట్కిన్సన్, షిఫ్రిన్ కొద్దిసేపటి జ్ఞాపకానికి చిన్న గది, ఎక్కువకాలం నిలిచేదానికి పెద్ద గది అని విడివిడిగా ఎందుకు కట్టారో నువ్వే చెప్పు.

ఆమదాలవలస_ప్యాసింజర్
నాన్న పొలం నుంచి రాగానే కూర్చోబెట్టాను. మొదటిసారి ఉప్పు, కందిపప్పు, బెల్లం చెప్పారు, చివర్నుంచి అగ్గిపెట్టె, సబ్బు, కొబ్బరినూనె చెప్పారు, మధ్యలో ఒక్క చింతపండు. రెండోసారి 100 నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టించాను, 67 దగ్గర ఆపి అడిగాను. చివరివి ఒక్కటీ రాలేదు, మొదటి మూడూ వచ్చాయి. చివరివి ఇంకా చిన్న గదిలోనే ఉన్నాయి, అంకెలొచ్చి తోసేశాయి. మొదటివి అప్పటికే వల్లె వేసుకుని పెద్ద గదిలోకి వెళ్లిపోయాయి. ఇదే కదా? నాన్న "మళ్లీ పెట్టు, ఈసారి అన్నీ చెప్తాను" అంటున్నారు. అమ్మ స్నానం చేసి వస్తోంది, తర్వాత వంతు తనదట.